మర్మర్ అనే మాట, మా నాయిన చెవి

పోయిన నెల ఒక అపార్ట్‌మెంట్ పనికి అంచనా కట్టడానికి నాచారం పారిశ్రామికవాడలోకి వెళ్లాను. అక్కడ ఒక పాత షెడ్డు కూలగొట్టాలి. ఇటుక ఎంత వస్తుంది, ఇనుము ఎంత వస్తుంది, ఎన్ని లారీల మట్టి ఎత్తాలి అని లెక్కగట్టి చెప్పడం నా పని. ఈ విద్య నాకు ఏ కాలేజీలోనూ రాలేదు. చేత్తో టేపు పట్టుకుని, తప్పులు చేసి, దిద్దుకుంటూ నేర్చుకున్నదే. షెడ్డు లోపల గోడ పొడవు కొలుస్తుంటే మధ్యలో చెయ్యి ఆగిపోయింది. ఎందుకో వెంటనే తెలియలేదు. కాసేపు నిలబడితే అర్థమైంది, అక్కడ చప్పుడు లేదు. నా చిన్నతనంలో ఆ వాడలో చప్పుడు లేని క్షణమంటూ ఉండేది కాదు. యంత్రాలన్నీ కలిసి చేసే సన్నని హోరు నేలలోంచి, గోడల్లోంచి వస్తూ ఉండేది. మేము అద్దెకున్న గది వెనక గోడకు ఆనుకునే ఒక షెడ్డు ఉండేది. స్టూలు మీద గ్లాసుతో నీళ్లు పెడితే నీళ్ల మీద సన్నని వలయాలు లేచేవి. షిఫ్టు మారే కొద్దిసేపు తప్ప ఆ హోరు ఆగిందంటే కరెంటన్నా పోవాలి, జరగరానిదేదన్నా జరగాలి. అందుకే కాబోలు, ఇంత వయసు వచ్చాక కూడా మూగబోయిన షెడ్డులో నిలబడితే నాకు ముందుగా భయమేసింది.

మా నాయిన నర్సింహ అలాంటి ఒక షెడ్డులోనే ఫిట్టరు. ఆలేరు దగ్గరి పల్లె నుంచి పనికోసం వచ్చినవాడు. సాయంత్రం షిఫ్టు దిగి వచ్చేసరికి ఆయన ఒంటి మీద గ్రీజు, కాలిన రబ్బరు, చెమట కలిసిన వాసన ఉండేది. గది బయట నాపరాయి మీద కూర్చుని కిరోసిన్‌లో రంపపు పొట్టు కలిపి మోచేతుల దాకా రుద్దుకునేవాడు. అమ్మ చెంబుతో నీళ్లు పోసేది. ఆ తర్వాత సబ్బు. ఎంత కడిగినా గోళ్ల చుట్టూ నల్ల గీత ఉండిపోయేది. పచ్చళ్ల కంపెనీలో ప్యాకింగు చేసి వచ్చిన అమ్మ చేతులకు ఆవపిండి వాసన. మా గదిలో జొన్న రొట్టె కాలుతుంటే ఈ వాసనలన్నిటి మీదుగా మందుల కంపెనీల గాలి వచ్చి కూర్చునేది. అది మాకు వాసనలా అనిపించేదే కాదు, ఊరి నుంచి చుట్టాలు వచ్చి ముక్కు మూసుకుంటే తప్ప.

నాయిన దగ్గర మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు ఒకటి ఉండేది. దానితో ఆయన మరలు బిగించడం నేను చూడలేదు. దాని కొనను తిరుగుతున్న మోటారు బేరింగు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. లోపలి సంగతి ఆ ఇనుము గుండా ఆయన చెవిలోకి వచ్చేది. మంచి బేరింగు పాడుతుందనేవాడు. గ్రీజు తక్కువైతే గీరుతుందట. పాడవడం మొదలైతే గొణుగుతుందట. గొణుగుడు వినిపించిన యంత్రం మీద బరువు తగ్గించాలి, కుదిరిన మొదటి రోజే ఆపి, విప్పి, ఆ భాగం మార్చాలి. పగిలేదాకా ఆగేవాడు ఫిట్టరు కాదని ఆయన నమ్మకం.

మెత్తటి చప్పుళ్లకు మా అద్దె గదుల వరసలో ఒక్కొక్కరిది ఒక్కో మాట. అమ్మది అలికిడి: ఎవరో వస్తున్నారని, లేదా పిల్లి రొట్టెల గంప దగ్గరికి చేరిందని. నల్లా దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లవి గుసగుసలు. నేను వెళితే అవి ఆగిపోయేవి. పక్క గదిలో ఉండే కరుణమ్మత్తది సణుగుడు. ఆమె సూర్యాపేట వైపు నుంచి వచ్చిన క్రైస్తవురాలు, తార్నాకలో ఒక దవాఖానాలో ఆయా. వాళ్ల బైబిలులో జనం దేవుని మీద సణిగారని, అది పెద్ద పాపమని చెప్పేది. అలా చెప్పిన నోటితోనే నల్లా రాలేదని రోజంతా సణిగేది. ఇన్ని మాటల మధ్యకు, నేను ఏడో తరగతిలో ఉండగా, బడికి వచ్చిన డాక్టరు ఇంకో మాట తెచ్చాడు. నా ఛాతీ మీద గొట్టం పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, ఒక చీటీ మీద ఏదో రాసి, "మర్మర్ ఉంది, పెద్ద దవాఖానాకు తీసుకెళ్లమను" అన్నాడు.

ఆ మాట నేను అప్పటిదాకా బండి మీద అమ్మే మరమరాల్లోనే విని ఉన్నాను. నా స్నేహితురాళ్లు కూడా అదే అనుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి నాయినకు చెబితే ఆయన నవ్వలేదు. మర్మర్ అంటే ఏంటని అడిగాడు. లోపల సన్నగా గొణిగినట్టు ఏదో చప్పుడు వస్తుందట, బళ్లో చెప్పారు అన్నాను. తుడుచుకుంటున్న తువ్వాలు ఆయన చేతిలోనే ఉండిపోయింది. నన్ను దగ్గరికి పిలిచి, మోకాళ్ల మీద కూర్చుని, నా గౌను మీద చెవి ఆనించాడు. కిరోసిన్ వాసన గుప్పుమంది. గోడవతల షెడ్డు షిఫ్టు మారడానికి ఆగే దాకా అలాగే ఉండి, అప్పుడు విన్నాడు. లేచాక ఆయన ముఖం చూసి నాకు మొదటిసారి భయమేసింది. డాక్టరు చెప్పినప్పుడు వేయని భయం అది.

పెద్ద దవాఖానాలో గుండెకు ఫోటో తీశారు. అక్కడి డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. "పిల్లల్లో చాలామందికి ఇలా వినిపిస్తుంది. గుండెలో లోపమేమీ లేదు. పెద్దయితే అదే పోతుంది. ఆడుకోనివ్వండి, పరుగెత్తనివ్వండి, ఏం కాదు" అంది. నాయిన అన్నిటికీ తల ఊపాడు. అమ్మ అక్కడే చీర కొంగుతో కళ్లు తుడుచుకుని, దేవుడికి మొక్కుకుని, నాకు ఒక గాజుల జత కొనిపెట్టింది. ఉప్పల్ బస్సు కోసం నిలబడ్డప్పుడు నాయిన మెల్లగా అన్నాడు.

"చప్పుడు ఉన్నదంటరు. ఏం కాదంటరు. రెండు ఎట్లయితయి?"

ఆ 'ఏం కాదు' అనే మాటతో ఆయనకు పాత పగ ఉందని అమ్మ తర్వాత చెప్పింది. నేను పుట్టకముందు, ఆయన పనిచేసిన మరో చోట, గాలి ఊదే ఒక పెద్ద యంత్రం గొణగడం నాయినే ముందుగా విన్నాడు. ఆపాలని చెప్పాడు. షిఫ్టు అయ్యేదాకా నడవనీ, ఏం కాదు అన్నాడట పై అధికారి. సరే అన్నాడు నాయిన. ఆ మధ్యాహ్నం యంత్రం ముక్కలై, పక్కన అన్నం గిన్నె విప్పుకుని కూర్చున్న తోటి ఫిట్టరు లింగయ్య మామకు తగిలింది. ఆయన్ని భుజం మీద మోసింది నాయినే. లింగయ్య మామ మళ్లీ ఇంటికి రాలేదు. అందుకని డాక్టరమ్మ మంచిమాటగా చెప్పిన ఆ రెండు పదాలు మా నాయిన చెవిలో పడేసరికి చావు కబురుగా మారిపోయాయి.

మా తరగతి రెండో అంతస్తులో ఉండేది. మెట్లెక్కడం బరువని నన్ను బడి మాన్పించాడు. బిందె ఎత్తొద్దు, తాడాట ఆడొద్దు, గట్టిగా నవ్వొద్దు, ఎండలో నిలబడొద్దు. యంత్రం మీద బరువు తగ్గించినట్టే నా మీద బరువు తగ్గించుకుంటూ పోయాడు. రోజూ పొద్దున్నే, వెనక షెడ్డులో షిఫ్టు మారే ఆ కొద్దిసేపు నిశ్శబ్దంలో, నా ఛాతీ మీద చెవి పెట్టేవాడు. విని, "ఉన్నది" అనేవాడు. అంతే. అమ్మ మొదట్లో పోట్లాడింది. చదివినామె చెప్పిన మాట కాదని స్క్రూడ్రైవరు మాట వింటావా అని అడిగింది. తర్వాత తర్వాత ఆమె కూడా ఆయన లేచేదాకా పొయ్యి దగ్గర చెయ్యి ఆపుకుని ఆ ఒక్క మాట కోసం చూసేది. భయం మా గదిలో అంత చోటు చేసుకుంది.

నాకు లెక్కలు వచ్చింది ఆ రోజుల్లోనే. వేరే పని లేక. మేనమామ వదిలేసి పోయిన పాత పుస్తకాల్లోంచి నిష్పత్తులు, ఘనపరిమాణాలు నాకు నేనే నేర్చుకున్నాను. డ్రమ్ములో నీళ్లెన్ని, ట్యాంకరు ఎన్ని డ్రమ్ములకు వస్తుంది అని వేసుకునేదాన్ని. లెక్క తేలితే కాసేపు ధైర్యంగా ఉండేది. డాక్టరమ్మ చెప్పిన 'చాలామంది' మాత్రం తేలేది కాదు. చాలామంది అంటే ఎందరు? ఒక మధ్యాహ్నం స్టీలు గ్లాసు తీసుకుని మా వరసలోని పిల్లలందరినీ పిలిచి, ఒక్కొక్కరి ఛాతీ మీద గ్లాసు బోర్లించి విన్నాను. వాళ్లు కితకితలకు నవ్వారు. ఎవరిలోనూ దడదడ తప్ప ఏమీ వినిపించలేదు. నాలో ఉందన్న మర్మర్ కూడా ఆ గ్లాసులో వినిపించేది కాదు గనుక ఆ లెక్కకు అర్థమే లేదని ఇప్పుడు తెలుసు. ఆ రోజు మాత్రం ఆ చాలామందిలో ఒక్కరు కూడా మా వరసలో లేరని, నేనొక్కదాన్నే అని తేలిపోయింది. మధ్యాహ్నాలు చాప మీద ఎడమవైపు ఒత్తిగిలితే దిండులోంచి నా గుండె వినిపించేది. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఖాళీ ఉంటుంది కదా, ఆ ఖాళీ నాకు బావిలా ఉండేది. కుడివైపు తిరిగి పడుకునేదాన్ని.

కరుణమ్మత్త ఒక్కతే మా ఇంట్లో భయం లేకుండా మాట్లాడేది. నాయిన నన్ను పరీక్షగా చూస్తుంటే వాకిట్లోంచే అనేది, "ఏంది నర్సింహన్నా, పిల్లను గట్ల సూస్తున్నవ్, గ్రీజు పెడ్తవా ఏంది?" ఒకసారి ఆమెను రహస్యంగా అడిగాను. మీ బైబిలులో సణిగితే పాపం కదా, నా గుండె దేవుని మీద సణుగుతోందేమో, అందుకే ఇలా అవుతోందేమో అని. ఆమె నా నెత్తి మీద చెయ్యి పెట్టి నవ్వింది. "నీ గుండె సణుగుతే ఆయన పట్టించుకోడు బిడ్డా. నా నోటితోనే ఆయనకు మస్తు పనున్నది." వాళ్లింట్లో ప్రార్థన జరిగే రోజు అందరూ కళ్లు మూసుకుని ఎవరి మాట వాళ్లు నోట్లోనే చెప్పుకునేవాళ్లు. ఏ మాటా విడిగా తెలిసేది కాదు. అన్నీ కలిసి మా వెనక గోడ హోరులాగే ఉండేది. అందులో నా పేరు ఉందని తెలుసు గనుక చెవి రిక్కించి వెతికేదాన్ని. ఎప్పుడూ దొరకలేదు.

అలా ఏడాది దాటాక నాయిన ఒక నిర్ణయానికి వచ్చాడు. బరువు ఎంత తగ్గించినా చప్పుడు పోవడం లేదు. ఇక విప్పాలి. సెలవు దొరికినప్పుడల్లా ఊరంతా తిరిగి డాక్టర్లను అడిగేవాడు, ఆపరేషన్ చేసి ఆ భాగం మార్చమని. అవసరం లేదన్న చోటికి మళ్లీ పోయేవాడు కాదు. చివరికి ఎవరో ఒక చిన్న నర్సింగ్ హోం చూపించారు. అక్కడి డాక్టరు దవాఖానా కాగితాలు తెరవకుండానే చేద్దామన్నాడు. దమ్మాయిగూడలో మేము కిస్తీల మీద కొనుక్కున్న ప్లాటు ఒకటి ఉండేది. నాయిన దాన్ని అమ్మడానికి మాట ఇచ్చి వచ్చాడు. ఆ రోజు ఆయన ముఖంలో చాలా కాలానికి నెమ్మది కనిపించింది. విప్పిన మోటారును నేను చూశాను. బల్ల మీద పరిచిన గుడ్డ, వరసగా పేర్చిన ముక్కలు, మధ్యలో ఖాళీ డొల్ల. అన్నం ముందు కూర్చుంటే ఆ గుడ్డే కనిపించేది. అమ్మ ఏడ్చింది, తిండి మానింది. ఆయన కదల్లేదు. పగిలినంక ఏడుస్తవా, ఇప్పుడే ఏడుస్తవా అని మాత్రం అన్నాడట.

నాకు ఆయన్ని ఎదిరించే ధైర్యం ఎన్నడూ లేదు. ఆయన మాటే ఆయనకు చెప్పాలని ఎలా తోచిందో కూడా చెప్పలేను. ఒక సాయంత్రం ఆయన చేతులు కడుక్కుంటుంటే అమ్మ చేతిలో చెంబు నేను తీసుకున్నాను. ఆయన వద్దనకముందే నీళ్లు పోయడం మొదలుపెట్టాను.

"నాయినా, మిషిన్ విప్పే ముందు ఏం జేస్తరు?"

"ఏం జేస్తం. కరెంటు తీస్తం."

"దానికన్న ముందు."

ఆయన చేతులు రుద్దడం ఆపాడు. చప్పుడు నిజంగా ఎంతో తెలియాలంటే నిండు బరువు మీద నడిపి వినాలని, ఉత్తగా తిరుగుతున్నప్పుడు విని యంత్రం విప్పేవాడు అడ్డమైన పని చేసేవాడని, కుర్ర ఫిట్టర్లను ఆయన తిట్టడం మా వరసంతా విన్నదే.

"లోడ్ మీద నడిపి సూస్తం," అన్నాడు.

"నన్ను గూడ నడిపి సూడు."

"నడిపినప్పుడే పోతే?"

"విప్పినప్పుడు పోతే?"

కిరోసిన్, రంపపు పొట్టు మోచేతుల మీద ఆరిపోతున్నా అలాగే కూర్చున్నాడు. వాకిట్లో బియ్యం ఏరుతున్న కరుణమ్మత్త చేట కింద పెట్టి, లోపలికి వెళ్లిపోయింది.

మరుసటి ఆదివారం పొద్దున ఉప్పల్ వైపు నడిచాం. అప్పట్లో అక్కడ పొలాలను ప్లాట్లుగా కొట్టి హద్దురాళ్లు పాతిన ఖాళీ జాగాలు చాలా ఉండేవి. ఇళ్లు రాలేదు, రాళ్లకు పసుపు రంగు మాత్రం వేశారు. అమ్మ నీళ్ల సీసా పట్టుకుంది. కరుణమ్మత్త చర్చికి పోయే తెల్లచీరతోనే మా వెనక వచ్చింది. ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఎదురుగా దూరంగా ఉన్న రాయి చూపించి నాయిన "అందాక" అన్నాడు. నేను కదల్లేకపోయాను. అంత కాలంగా మంచం నుంచి వాకిలికి కూడా మెల్లగా నడిచిన కాళ్లు అవి. ఇప్పుడు చచ్చిపోతానని నాకు పూర్తిగా తెలుసు. అది తెలిసే మొదటి అడుగు వేశాను.

పరుగెత్తుతుంటే పక్కన టపటపమని చెప్పుల చప్పుడు. నాయిన నాతో పాటే పరుగెత్తుతున్నాడు. ఒక చెయ్యి నా వీపు వెనక, తాకకుండా, జానెడు దూరంలో. కొత్తగా బిగించిన యంత్రం నడిపేటప్పుడు స్విచ్చి దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడతారే, అలా. ఆయన కళ్లు దారి మీద లేవు, నా మీదే ఉన్నాయి. రాయి తగిలి తూలాడు, చెప్పు ఒకటి ఊడిపోయింది, ఆగలేదు. రాయి దగ్గరికి చేరాక "మళ్ల" అన్నాడు. మళ్లీ వెనక్కి పరుగెత్తాం. నా గుండె చెవుల్లోకి, గొంతులోకి వచ్చేసింది. ఇన్నాళ్లు నేను భయపడిన ఆ సన్నటిది ఎక్కడా లేదు. ఇది డప్పు. అమ్మ చేతుల్లో పడి నిలబడ్డాను.

నాయిన నా ముందు మోకాళ్ల మీద కూలబడి, ముందుగా, మోటారు వేడి చూసినట్టు, అరచేతి వెనకభాగం నా వీపు మీద పెట్టి చూశాడు. తర్వాత చెవి ఆనించాడు. వెంటనే తీసేశాడు. మళ్లీ ఆనించాడు, మళ్లీ తీశాడు. ఏమైందని అమ్మ అడిగితే చెయ్యి అడ్డంగా ఊపాడు. రొప్పుతూ, తెగిపోతున్న మాటల్లో అన్నాడు, "నాదే... నా ఊపిరే ఇనొస్తుంది." పొగ, ఇనుప రజను మింగిన ఊపిరి అది, తొందరగా దిగదు. మేము ముగ్గురం ఆయన చుట్టూ నిలబడి ఆయన గుండె నెమ్మదించడం కోసం చూశాం. ఆలోగా నా గుండె దానంతట అదే దిగిపోయింది. ఎక్కడా కుదుపు లేదు, తడబాటు లేదు. కరెంటు తీసిన మంచి మోటారు ఎలా నిమ్మళంగా ఆగుతుందో అలా మెత్తగా మామూలుకు వచ్చింది. ఆయన చెయ్యి నా వీపు మీదే ఉంది గనుక అది ఆయనకూ తెలిసింది. చివరికి చెవి పెట్టాడు. ఎంతసేపు విన్నాడో. నేను అమ్మ ముఖం చూడలేక పసుపు రాయిని చూస్తూ నిలబడ్డాను.

"ఉన్నది," అన్నాడు. ఎప్పటి మాటే. లేచి, మోకాళ్ల దుమ్ము దులుపుకున్నాడు. "ఉండనీ."

ఆ వారమే ప్లాటు అమ్మనని చెప్పి వచ్చాడు. నర్సింగ్ హోం వైపు మళ్లీ పోలేదు. బడికి పంపాడు, కాకపోతే ఒక ఏడు పోయింది. నా తోటివాళ్లు పై తరగతిలో ఉన్నారు, నేను లెక్కల్లో వాళ్లకంటే ముందున్నాను. అంతటితో భయం పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. మెట్లెక్కిన ప్రతిసారీ పైన ఒక క్షణం ఆగి లోపలికి వినేదాన్ని. ఇప్పటికీ లిఫ్టు లేని కట్టడాల్లో అలాగే ఆగుతాను. పక్కనున్న మేస్త్రీలు ఆయాసమనుకుంటారు. అంచనా కట్టేటప్పుడు మేము అనుకోని వాటి కోసమని మొత్తం మీద కొంత కలుపుతాం. ఎంత కలపాలో దానికో పద్ధతి ఉంది. కలిపేశాక నిద్ర పడుతుంది. మా నాయినకు ఆ పద్ధతి లేదు. అనుకోనిది ఒక్కసారి అన్నం గిన్నె పక్కన వచ్చి పడింది గనుక ఆయన దానికోసం ఉన్నదంతా కలిపేయబోయాడు. ఇప్పుడు మా ఇళ్లలో పిల్లలకు ఏమైనా చెబితే మేము వెంటనే ఫోనులో చూస్తాం. ఎందరిలో ఎందరికో ఒక అంకె దొరుకుతుంది. ఆ అంకె నా చిన్నప్పుడు దొరికి ఉంటే నాకు ధైర్యం వచ్చేదేమో. నాయిన దాన్ని కూడా చెవికి పెట్టుకుని వినేవాడే గాని నమ్మేవాడు కాదు.

కొత్త రాష్ట్రం వచ్చిన ఏడు నేను కడుపుతో ఉన్నాను. కాప్రాలో దవాఖానాకు పోతే అక్కడి డాక్టరమ్మ పాత సంగతులు అడిగింది. గుండెలో మర్మర్ ఉందని చెప్పాను. ఆమె నిలబెట్టి, పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టమని శ్రద్ధగా విన్నది. లేదంది. చిన్నప్పుడు ఉండి ఉంటుంది, ఎప్పుడో పోయింది అంది. బయటికి వచ్చి నాయినకు ఫోను చేశాను. ఆయన అప్పటికి పని మానేశాడు. వెనక టీవీ నడుస్తోంది, దాన్ని తగ్గించమని అమ్మతో చెప్పడం వినిపించింది.

"లేదా?" అన్నాడు.

"లేదట నాయినా."

"ఎప్పుడు పోయిందో," అన్నాడు మెల్లగా, "మనం సూడనే లేదు."